అందరూ చేతులెత్తారు

ఆ ఉదయం టేపక్క షెడ్డులోకి అడుగు పెట్టేసరికి మేనేజరు గదికి గోడల్లేవు.

నిన్న సాయంత్రం దాకా నాలుగువైపులా అద్దాలతో మెరిసిన గది అది. ఇప్పుడు ఇద్దరు పనివాళ్ళు ఆఖరి అద్దాన్ని గోనెపట్టాలో చుట్టి బయటికి మోసుకుపోతున్నారు. మిగిలింది మేనేజరు బల్ల, బల్ల వెనక కుర్చీ, కుర్చీలో మేనేజరు. చుట్టూ కుట్టుమిషన్లూ, రెక్సిన్ చుట్టలూ, ఫోము దిమ్మలూ. ఆయన ఎప్పటిలాగే కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఏదో కాగితం చదువుతున్నారు. స్నానాలగది తలుపు ఉన్నట్టుండి ఊడిపడితే లోపలి మనిషి ఎంత బింకం తెచ్చుకుంటాడో, అంత బింకం ఆయన ముఖంలో ఉంది.

"ఏమైంది చిట్టీ?" అని టేపక్క పక్కనున్న తోడికోడల్ని అడిగింది. గొంతు తగ్గించే అడిగింది. ఆ గది ముందు గొంతు తగ్గించడం అక్కడ అందరికీ అలవాటు.

"నాకేం తెలుసక్కా. మీతోనేగా వచ్చాను," అంది చిట్టి.

టేపక్క కటింగు సెక్షన్ సూపర్వైజరు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. ఒకసారి ఎవరిదో పెళ్ళికి పట్టుచీర మీద నగలతో పాటు టేపు కూడా వేసుకొచ్చేసిందని షెడ్డంతా చెప్పుకుంటారు. చిట్టి ఆమె మరిది భార్య, కుట్టుమిషను మీద పని. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే పొయ్యి మీద వండుతారు, ఒకే బస్సెక్కి పనికొస్తారు.

అది బస్సులకు సీట్లు తయారుచేసే షెడ్డు. అక్కడ చేతులతో పని చేసేవాళ్ళు ఎంతమందో, వాళ్ళ మీద పెద్దరికం చేసేవాళ్ళూ దాదాపు అంతమంది అన్నట్టుండేది. కుట్టే మనిషి మీద లీడరు, లీడరు మీద సూపర్వైజరు, సూపర్వైజరు మీద ఇన్‌చార్జి, ఇన్‌చార్జి మీద డిప్యూటీ, డిప్యూటీ మీద మేనేజరు, అందరి మీదా యజమాని పెద్దాయన. ఒకసారి సీట్ల రంగుకి నల్లదారం నప్పడం లేదు, బూడిదరంగు దారం కావాలని చిట్టి అడిగింది. ఆ మాట ఒక్కో మెట్టూ ఎక్కి, సంతకాలు వేయించుకుని, మళ్ళీ ఒక్కో మెట్టూ దిగి వచ్చేసరికి ఆ బస్సులు నల్లదారంతోనే రోడ్డెక్కేశాయి. తర్వాత బూడిదరంగు దారం వచ్చింది, ఒక పెట్టె నిండా.

మేనేజరుకి సంతకం సారు అని పేరు. ఏ కాగితం ముందు పెట్టినా "ఇది ఇప్పుడు అవసరమా?" అని అడగందే కలం మూత తీసేవారు కాదు. ఆ మాట అడక్కుండా సంతకం పెట్టారంటే ఆ రోజు ఆయనకి ఒంట్లో బాగాలేదని లెక్క.

మోకాళ్ళ నొప్పులతో పెద్దాయన ఇంటిపట్టున ఉండిపోయాక ఆయన కూతురు వచ్చింది. అందరూ మేడమ్ అనేవారు. వచ్చిన కొత్తలో ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ప్రతి బల్ల దగ్గరా కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయేది. ఆ చూడ్డమంతా దేనికోసమో ఆ ఉదయం తెలిసింది. మిషన్లన్నీ ఆపించి, ఒక ఫోము దిమ్మ ఎక్కి నిలబడి ఆమె చెప్పింది:

"ఈ షెడ్డులో కింది మాట పైకి చేరేలోపు ఒక బస్సుకి సరిపడా సీట్లు కుట్టేయొచ్చు. ఇవాళ్టినుంచి లీడర్లు లేరు, సూపర్వైజర్లు లేరు, ఇన్‌చార్జిలు లేరు, మేనేజరు లేరు. ఎవరి జీతం తగ్గదు, ఎవర్నీ తీసెయ్యను. అందరూ పని చేస్తారు, అందరూ మాట్లాడతారు. ఏదైనా తేల్చుకోవాలంటే వారానికోసారి కూర్చుందాం, చేతులెత్తి తేల్చుకుందాం."

ఆ సూపర్వైజరు అనే మాట కోసం టేపక్క ఎన్నేళ్ళు కత్తెర పట్టిందో ఆమెకే తెలుసు. అది ఒక్క వాక్యంలో, అదీ ఒక వరసలో నడుమ మాటగా పోయింది.

అద్దాల్లేని గదిలోంచి సంతకం సారు లేచి నిలబడ్డారు. "ఇది ఇప్పుడు అవసరమా అమ్మా?" అన్నారు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాటకి ఆయన ముందే నవ్వడం అదే మొదలు.

డిప్యూటీ ఆ వారమే మానేశాడు. ఇన్‌చార్జిలు కూడా ఒకరి తర్వాత ఒకరు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. సంతకం సారు మాత్రం మానలేదు. ఈ వయసులో ఇంకెక్కడికి పోతాను అన్నారట. ఫిట్టింగు బల్ల దగ్గర కుర్రవాళ్ళ పక్కన నిలబడి, స్పానరు ఎటు తిప్పాలో నేర్చుకుని, ఇనప చట్రాలకు తొడుగులు బిగించడం మొదలుపెట్టారు.

తన మీద ఎవరూ లేకపోవడం ఎంత హాయో టేపక్కకి నెల తిరక్కుండానే తెలిసింది. దారం కావాలంటే దారం, కత్తెర కావాలంటే కత్తెర. ఉదయం మాట అనుకుంటే మధ్యాహ్నానికి పని జరిగిపోయేది. వారం వారం అందరూ కొత్తగా కుట్టిన సీట్లనే గుండ్రంగా వేసుకుని కూర్చునేవారు. టేపక్క ఎవరి మీదా అజమాయిషీ చేసేది కాదు. అలా అని ఆమె గట్టిగా నమ్మింది. "నాకైతే ఇలా అనిపిస్తోంది. ఆపైన మీ ఇష్టం," అనేది. చేతులు లేచేవి. చేతులన్నీ ఒక్కసారి లేవడం చూస్తే ఆమెకి కడుపు నిండిపోయేది. మనుషులకు ఇన్నాళ్ళూ ఈ మాత్రం విలువ ఇచ్చినవాళ్ళే లేరు కాబట్టి కదా అని ఇంట్లో భర్తతో చెప్పుకుని మురిసిపోయేది.

ఒకసారి సంతకం సారు, కొత్త ఫోము కాస్త పలచగా ఉందేమో చూడండని సందేహంగా అన్నారు. "సారూ, అద్దాల గది ఎప్పుడో ఊడిపోయింది," అంది టేపక్క. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ సందేహం వెలిబుచ్చినట్టు ఆమెకి గుర్తు లేదు.

ఆ మరుసటి ఏడాది పెద్ద పని వచ్చింది. బడిపిల్లల బస్సులకు సీట్లు, అన్నిటికీ బెల్టులుండాలి. బెల్టు కింద ఇనప చట్రానికి బిగించి ఉంటుంది, తొడుగుకి పెట్టిన ఒక పెద్ద కాజాలోంచి పైకి వస్తుంది. టేపక్క రెక్సిన్‌ని బల్ల మీద పరిచి, సుద్దతో గీసి, చెరిపి, మళ్ళీ గీసింది. కాజాని రెండు వేళ్ళ వెడల్పు పక్కకి జరిపితే ఒక్క పన్నాలో రెండు తొడుగులు వస్తాయి. ముక్క కూడా వృథా కాదు. ఆ సంగతి కనిపెట్టిన సాయంత్రం ఆమె బస్సులో నిలబడలేక నిలబడింది. మాట లోపల ఆగడం లేదు.

ఆ వారం అందరూ కూర్చున్నప్పుడు చెప్పింది. గీసిన తొడుగుని అందరికీ ఎత్తి చూపించింది.

"బట్ట బోలెడంత మిగుల్తుంది. నాకైతే బానే ఉందనిపిస్తోంది. మీరు చెప్పండి."

ఫిట్టరు, అంటే ఫిట్టింగు బల్ల దగ్గర అందరికన్నా పాతకాపు, గొంతు సవరించుకున్నాడు. "బెల్టు కాస్త వంకరగా వస్తదేమోనక్కా."

"ఎంత? వేలెడంతేగా," అంది టేపక్క. ఆమె మామూలుగానే అంది. మెడలోంచి టేపు తీసి వేలికి చుట్టుకుంటూ అంది.

"అవున్లే, వేలెడంతే," అన్నాడు ఫిట్టరు.

అందరూ చేతులెత్తారు. చిట్టి ఎత్తింది. సంతకం సారు ఎత్తారు. మేడమ్ సంతోషంలో లెక్క కూడా చూసుకోలేదు.

సీట్లు వెళ్ళాయి. బస్సు కంపెనీవాళ్ళు ముందుగా ఒక్క బస్సుకే బిగించుకుని, పిల్లల్ని ఎక్కించకుండా, కొన్నాళ్ళు గతుకుల రోడ్ల మీద తిప్పి చూస్తామన్నారు. అది వాళ్ళ పద్ధతి. టేపక్క ఆ సంగతే మర్చిపోయింది.

ఫోను వచ్చినప్పుడు మేడమ్ కటింగు బల్ల దగ్గరే ఉంది. ఫోను చెవికి ఆనించుకునే ఆమె మెల్లగా బల్ల అంచు పట్టుకుంది. టేపక్క కత్తెర ఆపింది. మేడమ్ ముఖాన నెత్తుటిచుక్క లేదు.

"ఎవరికి?" అని అడిగింది ఫోనులో. కాసేపు విని, "పిల్లలెవరూ లేరు కదా? నిజం చెప్పండి, లేరు కదా?" అంది.

బస్సుకి అడ్డంగా కుక్క వస్తే డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడట. సీట్లు చూడ్డానికని వెనక కూర్చున్న కంపెనీ మనిషి బెల్టు పుటుక్కున తెగి, ముందు సీటు రాడ్డు మీద పడ్డాడట. భుజం దగ్గర ఎముక విరిగింది. పళ్ళు రెండు ఊడాయి.

ఆ మధ్యాహ్నమే సీటుని తెచ్చి షెడ్డు మధ్యలో పెట్టారు. మిషన్లన్నీ ఆగాయి. తెగిన బెల్టు అంచు కత్తి పెట్టి కోసినట్టు నున్నగా ఉంది. మేడమ్ బెల్టుని కాజాలోంచి లాగి చూపించింది. చట్రం రేకు అంచు ఒకటి అక్కడ పైకి ఉంది. కాజా పాత చోట ఉంటే బెల్టు దాని పక్కనుంచి నిటారుగా వచ్చేది. ఇప్పుడు ఆ అంచు మీదుగా వంగి వస్తోంది. గతుకు గతుక్కీ రాసుకుని, రాసుకుని తెగింది.

టేపక్క ఆ రేకు మీద వేలు పెట్టింది. వేలు గీసుకుపోయింది.

"నాకు తట్టలేదు మేడమ్. చట్రం తిప్పి చూడాల్సింది, చూడలేదు. తప్పు నాది. కానీ ఇంతమందిమి ఉన్నాం, ఇన్ని కళ్ళున్నాయి, ఒక్కరికి కూడా..."

ఆమె తలెత్తి చూసింది. ఎవరూ ఆమె వంక చూడటం లేదు. ఫిట్టరు తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు. చిట్టి మిషను చక్రం మీద చెయ్యి వేసి తిప్పీ తిప్పనట్టు తిప్పుతోంది.

మేడమ్‌కి ఏదో అర్థమైంది. "ఎవర్నీ ఏమీ అనను," అంది. "బెల్టు రేకుకి తగుల్తుందని ముందే తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి."

ముందు ఫిట్టరు ఎత్తాడు, మోచేతి దాకానే. తర్వాత ఫిట్టింగు బల్ల కుర్రాళ్ళు. తర్వాత కుట్టేవాళ్ళలో ఇద్దరు, నలుగురు. ఆపైన వరసగా లేచాయి. ఎటు చూసినా చేతులే. చిట్టి చెయ్యి ఆఖర్న లేచింది. కాదు, ఆఖరిది సంతకం సారుది.

టేపక్క ఒక్కో చేతినీ చూసుకుంటూ పోయింది. ఎప్పుడూ చూసి మురిసిపోయిన చేతులే అవి. కొత్త తొడుగుకి సరే అన్న చేతులే. ఆ రోజున కూడా వీళ్ళందరికీ తెలుసన్నమాట. తెలిసే ఎత్తారన్నమాట. ఎదురుగా ఉన్న ముఖాలు ఒక్కసారిగా ముక్కూమొహం తెలియని వాళ్ళవిలా కనిపించాయి. ఎవరో నీళ్ళ సీసా చేతిలో పెట్టారు. తాగలేదు, పట్టుకు నిలబడింది.

అందరూ ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు వెళ్ళాక ఆమె నేరుగా సంతకం సారు దగ్గరికి నడిచింది.

"సారూ, మీరు కూడానా?"

ఆయన స్పానరుని గుడ్డతో తుడుస్తూ ఉన్నారు. "మొదటి సీటు బిగించిన రోజే చూశానమ్మా."

"చూసి ఊరుకున్నారా? దారం పెట్టెకి కూడా నెలరోజులు ఆపేవారు మీరు."

"ఆపడం తప్ప మరో పని తెలియదనే కదా నన్ను ఆ కుర్చీలోంచి లేపింది. లేచాక కూడా ఆపితే, చూశారా, ఈయన బుద్ధి మారలేదు అంటారు. ముందు మీరే అంటారు." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "అన్నారు కూడా, ఫోము గురించి. మీకు గుర్తుండదులెండి. నవ్వినవాళ్ళకి గుర్తుండదు."

ఆయన కోపంగా అనలేదు. అందువల్ల మరీ గుచ్చుకుంది.

సాయంత్రం బస్టాపులో తోడికోడళ్ళిద్దరూ నిలబడ్డారు. రావాల్సిన బస్సు వచ్చింది, టేపక్క ఎక్కలేదు. చిట్టి ఎక్కబోయి దిగింది.

"వాళ్ళంటే సరే," అంది టేపక్క. "నువ్వు? ఒకే ఇంట్లో పడి ఉంటాం కదే. చెవిలో ఒక్క మాట ఊదితే పోయేది కదా?"

"చెప్పాలనే అనుకున్నానక్కా. ఆ రోజు గిన్నెలు తోముతుంటే నోటిదాకా వచ్చింది."

"మరి?"

"మీరు పాట పాడుకుంటున్నారు. మింగేశాను."

"నేనేమన్నా పులినా? ఎప్పుడైనా ఎవరి మీదైనా నోరు పారేసుకున్నానా? ఇదివరకు సూపర్వైజరుగా ఉన్నప్పుడు అరిచేదాన్నేమో గానీ, ఇప్పుడు పల్లెత్తు మాట అన్నానా?"

"అనక్కర్లేదక్కా. మీరు టేపు తీసి వేలికి చుట్టుకోవడం మొదలెడితే మా నోళ్ళు పడిపోతాయి. అందరం ముందు మీ ముఖం చూస్తాం, తర్వాత చెయ్యెత్తుతాం." చిట్టి ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆపితే మళ్ళీ చెప్పలేనని భయం ఉన్నట్టుంది. "అప్పుడు మీరు అరిచినా మాకు బెంగ లేదు. మరీ కోపమొస్తే ఇన్‌చార్జి దగ్గరికెళ్ళి మీ మీద చెప్పుకునేవాళ్ళం. నేనే రెండుసార్లు చెప్పాను."

"నా మీదా? నువ్వా?"

"ఆఁ. ఆయన మిమ్మల్ని పిలిచి ఏదో అనేవారు. మీరు రెండు పూటలు ముఖం మాడ్చుకునేవారు. తర్వాత అంతా సర్దుకునేది. ఇప్పుడు మీ మీద ఎవరున్నారని చెప్పుకోవాలి?"

"ఇప్పుడు నేనేం పెద్దదాన్ని కాదుగా. అందరిలో ఒకదాన్ని."

"అదేనక్కా వచ్చిన చిక్కు. సూపర్వైజరుకి ఎదురు చెప్తే పనిలో ఎదురు చెప్పినట్టు. అందరిలో ఒకరైన అక్కకి ఎదురు చెప్తే అక్కనే కాదన్నట్టు. ఎవరికి మనసొప్పుతుంది?"

తను దిగిపోయానని అనుకున్న మెట్టు మీదే తనని నిలబెట్టి, మిగతావన్నీ చుట్టూ పడగొట్టినట్టు అనిపించింది టేపక్కకి. పైన ఎవరూ లేకపోతే హాయి అనుకుంది. ఆ హాయి తనకొక్కదానికేనని ఆమెకి ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు.

ఇంటికెళ్ళాక కంచం ముందు కూర్చుని భర్తని అడిగింది. "ఏమండీ, నేనంటే మీకు కూడా భయమా?"

ఆయన తలెత్తలేదు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎత్తిన చెయ్యి దించానా నేను?" అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు పాపం. మరిది ఫక్కున నవ్వబోయి వదిన ముఖం చూసి మంచినీళ్ళు తాగాడు. ఆ నీళ్ళు తాగడం చూసి ఆమె కంచం పక్కకి జరిపింది.

మర్నాడు పనికి పోకముందే ఆసుపత్రికి వెళ్ళింది. చిట్టిని రమ్మనలేదు, చిట్టే వచ్చింది. కంపెనీ మనిషి భుజానికి కట్టుతో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తనెవరో చెప్పి, తొడుగు గీసింది తనేనని కూడా చెప్పింది టేపక్క. అతను తిడతాడని చూసింది. పళ్ళు పోయిన చోట నాలుక ఆనించుకుంటూ అతను వింతగా మాట్లాడాడు.

"ఆ సీట్లో నాకు సరిగ్గా కూర్చోవడం కూడా కుదర్లేదమ్మా. పిల్లల కొలత కదా. మోకాళ్ళు ఇరుక్కుని ఒక పక్కకి ఒరిగి కూర్చున్నా. అందుకే భుజం తగిలింది. తిన్నగా కూర్చునేంత చిన్న మనిషైతే..." అని ఆగిపోయాడు.

టేపక్క వరండాలోకి వచ్చి గోడ పట్టుకుంది. రాడ్డు ఎత్తు ఎంతో ఆమెకి తెలుసు. బడికి పోయే పిల్ల అందులో కూర్చుంటే తల ఎక్కడికి వస్తుందో కూడా తెలుసు. ఆ కొలత తీసింది తనే. చిట్టి వెనకనుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

షెడ్డుకి వెళ్ళగానే టేపక్క మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"నా మీద ఎవర్నైనా పెట్టండి మేడమ్."

మేడమ్ అర్థంకానట్టు చూసింది. "మీరే అందరికన్నా సంతోషపడ్డారు కదా, మెట్లు తీసేశాక. మళ్ళీ కట్టమంటారా?"

"అన్నీ వద్దు. ఒక్కటి. నా గురించి చెప్పుకోవడానికి వీళ్ళకి ఒక చోటు."

"నేనున్నాగా. నాతో చెప్పొచ్చుగా?"

"మీరు ముచ్చటపడి చేసిన ఏర్పాటు బాగాలేదని మీ ముఖం మీదే ఎవరు చెప్తారు మేడమ్?"

మేడమ్ దెబ్బ తిన్నట్టు వెనక్కి వాలింది. "నేను కూడా మీలాగేనన్నమాట," అంది. ఆ మాటలో కోపం లేదు. అప్పుడే అద్దంలో చూసుకున్న మనిషి గొంతు అది.

ఈసారి చేతులెత్తడం లేదన్నారు. చీటీల మీద పేరు రాసి డబ్బాలో వెయ్యాలి. మేడమూ, టేపక్కా షెడ్డు బయట ఫోము దిమ్మల పక్కన నిలబడాలి. లోపల్నుంచి మొదట నిశ్శబ్దం, తర్వాత మాటలు, తర్వాత గట్టిగా వాదులాట వినిపించాయి. ఫిట్టరు గొంతు అంత పెద్దదని టేపక్కకి అప్పటిదాకా తెలియదు. కుట్టేవాళ్ళలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి ఒకతె అతన్ని నోరు మూసుకొమ్మంటోంది.

"ఇన్నాళ్ళూ వీళ్ళకి మాటలు రావనుకున్నానా?" అంది మేడమ్.

చిట్టి వచ్చి పిలిచింది. డబ్బా బోర్లించి చీటీలు విప్పారు. ఒకటి రెండు తప్ప అన్నిటి మీదా ఒకటే పేరు. సంతకం సారు.

టేపక్క చీటీల్ని మార్చి మార్చి చూసింది. ఈయనా? నీడ పడితేనే పని ఆగిపోతుందని అందరూ చెవులు కొరుక్కున్న మనిషి? ఆ అద్దాలు ఊడిన రోజున ఇదే జనం ఆయన ముందే నవ్వలేదూ?

అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. "నేనంటే మీకెవరికీ పడదు కదా," అన్నారు.

"పడదు సారూ," అన్నాడు ఫిట్టరు. "అందుకే. మీ మీద కోపం తెచ్చుకోవడం చాలా తేలిక. మీకు ఎదురు చెప్పి ఇంటికెళ్తే రాత్రి హాయిగా నిద్రపడతది. అక్కకి ఎదురు చెప్తే పట్టదు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వులో సంతకం సారు కూడా కలిశారు గానీ, ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

ఆయనకి అద్దాల గది ఇవ్వలేదు. పాత కుర్చీ కూడా ఇవ్వలేదు. ఫిట్టింగు బల్ల దగ్గర్నుంచే పని. ఆయనకి ఉన్న అధికారం ఒక్కటే: ఏ పనినైనా ఒకరోజు ఆపొచ్చు. ఎవరికి ఎవరి మీద ఏమున్నా ఆయనతో చెప్పుకోవచ్చు, మేడమ్ మీదైనా సరే. మొదటి వారంలో ఆయన మూడు పనులు ఆపారు. అందులో రెండు ఊరికే ఆపారు. టేపక్క ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి గట్టిగానే అడిగింది. ఆయన కూడా గట్టిగానే బదులిచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు మిషన్లు ఆపి మరీ విన్నారు, ఆ తర్వాత ఇద్దర్నీ కలిపి తిట్టుకుంటూ మధ్యాహ్నం భోజనం చేశారు. ఆయన ఆపిన మూడో పని మాత్రం ఆపాల్సిందే. ఆ సంగతి టేపక్క పైకి ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది.

బడి బస్సుల తొడుగులన్నీ వెనక్కి తెప్పించి, కాజాలు పాత చోటికి మార్చి కుట్టారు. మిగులుతుందనుకున్న బట్ట కంటే ఎక్కువే పోయింది. టేపక్క మీద చిట్టి, ఇంకెవరో సంతకం సారుకి చెప్పుకున్నారని కూడా తెలిసింది. ఆయన పిలిచి చెప్పారు, ఆమె రెండు పూటలు ముఖం మాడ్చుకుంది.

ఒక శనివారం సాయంత్రం నలుగురూ ఇంట్లో కూర్చుని ఉన్నారు. చిట్టి బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అంది:

"అక్కా, నేను ఆదివారాలు వంట చెయ్యను."

టేపక్క చేతిలోని చొక్కా అలాగే ఉండిపోయింది. ఆదివారం తను నడుం వాల్చే రోజు. ఆ రోజు వంట చిట్టిదని ఎవరు ఎప్పుడు తేల్చారో కూడా గుర్తు లేదు. "అదేమిటే?" అంది.

"వారమంతా మిషను తొక్కుతాను. ఆ ఒక్కరోజు నాకూ పడుకోవాలనుంటుంది. ఇన్నాళ్ళూ చెప్పలేదు."

"మరెవరు చేస్తారు?"

"అది నాకు తెలీదు. నేను మాత్రం చెయ్యను."

చిట్టి మడతపెట్టిన తువ్వాలునే మళ్ళీ విప్పి మడతపెడుతోంది. టేపక్క భర్త వంక చూసింది. ఆయన గోడ మీద గడియారం చూస్తున్నాడు. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ సాయం రాలేదు. ఆమె చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది. ఇంట్లో మెడలో టేపు లేదు. చెయ్యి దించుకుంది.

"సరే, చెయ్యకు," అంది. "నేనూ చెయ్యను."

మరిది గొంతు సవరించుకుని, మెల్లగా, తప్పు చేస్తున్నవాడిలా అడిగాడు:

"వదినా, మనింట్లో బియ్యం ఎక్కడుంటాయి?"

టేపక్క నివ్వెరపోయి అతని వంక చూసింది. పుట్టి పెరిగిన ఇల్లు అది అతనికి.